మక్తబ్ పాఠాలకి ఏఐ ఎలా వాడుకోవాలి, ఎక్కడ ఆపాలి

మన గోదావరి జిల్లాల్లో సాయంత్రం పూట మక్తబ్, అంటే పిల్లలకి ఖురాన్, దీన్ (మన మతం) నేర్పే చిన్న బడి, నడిపేవాళ్ళ కోసం ఇది రాస్తున్నానండి. అంటే భీమవరం, నరసాపురం, పాలకొల్లు, తణుకు, ఇటు రాజోలు, అమలాపురం, కాకినాడ వైపు మసీదు పక్క గదిలోనో వరండాలోనో పిల్లల్ని కూర్చోబెట్టి ఖాయిదా (అరబీ అక్షరాలు), నాజిరా (ఖురాన్ చూసి చదవడం), దీనియాత్ (దీన్ పాఠాలు) చెప్పే ఉస్తాదులు, ఆలిమా కోర్సు (ఆడవాళ్ళ దీన్ చదువు) చదువుకొచ్చి ఇంట్లోనే ఆడపిల్లలకి చెప్పే ఆపాలు, వాళ్ళకి సాయంగా ఉండే డిగ్రీ కుర్రాళ్ళు. ఇక్కడ చాలా మసీదుల్లో హజ్రత్ గారు (ఇమామ్ గారు) బయట ఊరి నుంచి వచ్చుంటారు, ఉర్దూలో చక్కగా చెప్తారు, పుస్తకాలూ ఉర్దూవే, పిల్లలకేమో ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, నూర్‌బాషా ఇళ్ళల్లో అయితే తాతల కాలం నుంచి తెలుగే. మధ్యలో ఆ పాఠాన్ని పిల్లాడికి అర్థమయ్యే తెలుగులోకి తెచ్చే పని ఎవరో ఒకరి మీద పడుద్ది, వాళ్ళు ఇప్పుడు ఫోన్ తీసి చాట్‌జీపీటీనో జెమినీనో వాట్సాప్‌లో కనపడే మెటా ఏఐనో అడుగుతున్నారు. అడగొద్దని నేను అనను, ఆ పని తేలికవ్వడం నిజంగా మేలే. కానీ ఎలా అడగాలి, వచ్చినదాన్ని ఎక్కడ ఆపి చూసుకోవాలి అన్నది తెలియకుండా వాడితే మాత్రం పిల్లల దీన్‌తో ఆడుకున్నట్టే అవుద్ది.

ముందు ఆ యంత్రం ఏం చేస్తదో ఒక్క నిమిషం తెలుసుకోండి, మిగతా జాగ్రత్తలన్నీ దీని మీదే ఆధారం. మీరు ప్రశ్న అడిగినప్పుడు అది బుఖారీ షరీఫ్ లాంటి హదీసు పుస్తకం తెరిచి చూసి చెప్పదు. కోట్ల వాక్యాలు చదివించి తయారుచేసిన లెక్క అది, ఈ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువ అని చూసుకుంటూ వాక్యం అల్లుకుంటూ పోద్ది. అందుకే భాష పని బాగా చేస్తది, కష్టమైన పేరాని తేలిక చెయ్యమంటే చేస్తది, పది ప్రశ్నలు తయారు చెయ్యమంటే చేస్తది. అదే కారణం వల్ల లేని హదీసుని (ప్రవక్త మాటగా చెప్పేదాన్ని) కూడా ఉన్నదానంత ధీమాగా, పుస్తకం పేరుతో, నంబరుతో సహా రాసిచ్చేస్తది. నెట్‌లో వెతికి చెప్పే రకాలు ఉన్నాయి, అవి కొంత నయం, కానీ అవి వెతికే చోట మంచి సైటూ ఉంటది, ఎవరో నోటికొచ్చింది రాసిన పేజీ కూడా ఉంటది.

మన దీన్‌లో ఇల్మ్ (జ్ఞానం) అలా రాలేదు కదా. ఫలానా వారు ఫలానా వారి దగ్గర విన్నారు, ఆయన ఫలానా సహాబీ (ప్రవక్త సహచరుడు) దగ్గర విన్నారు అని గొలుసు ఉంటేనే మాట తీసుకున్నారు. తొలి కాలం పండితుడు ఇబ్నె సీరీన్ గారి మాట సహీహ్ ముస్లిం అనే హదీసు పుస్తకం ముందుమాటలోనే ఉంది, ఈ ఇల్మే దీన్, కాబట్టి మీ దీన్ ఎవరి దగ్గర తీసుకుంటున్నారో చూసుకోండి అని. సనద్ (ఆ గొలుసు) లేకపోతే ఎవడికి తోచింది వాడు చెప్పేవాడు అని అబ్దుల్లా ఇబ్నె ముబారక్ గారన్నదీ అక్కడే ఉంది. ఏఐకి సనద్ లేదు. కాబట్టి నేను పెట్టుకోమనే పద్ధతి ఒకటే, దీన్‌కి సంబంధించిన ఏ మాటైనా పిల్లాడి చెవిన పడే ముందు దాని వెనక ఒక పుస్తకం, ఆ పుస్తకం తెలిసిన ఒక బతికున్న మనిషి ఉండాలి. యంత్రం కాగితం తయారు చెయ్యొచ్చు, మాటకి పూచీ మాత్రం మనిషిదే.

ఇక పనిలోకి వద్దాం.

మొదటి పని, మష్వరా (కలిసి సలహా చేసుకోవడం)

ఒక్కరే మొదలెట్టకండి. హజ్రత్ గారితో, మసీదు కమిటీతో కూర్చుని మాట్లాడండి, ముస్లింల పనులు సలహాతో జరుగుతాయని ఖురాన్‌లో సూరా (అధ్యాయం) షూరాలోనే ఉంది. వాళ్ళకి ఏఐ అంటే ఏంటో తెలియకపోవచ్చు, భయం ఉండొచ్చు, ఆ భయం తప్పు కూడా కాదు. ఫోన్‌లో చేసి చూపించండి. ఉర్దూ పుస్తకంలో ఒక పేజీ ఫోటో తీసి తెలుగులో ఎలా వస్తదో చూపించండి, అలాగే ఏదైనా హదీసు అడిగి అది ఇచ్చిన నంబరు పుస్తకంలో వెతికి చూపించండి. రెండూ చూపిస్తే అది ఎందుకు పనికొస్తదో, ఎందుకు పనికిరాదో వాళ్ళకే తెలిసిపోద్ది. ఇది మన ఊళ్ళో మనకొక్కళ్ళకే వచ్చిన ఆలోచన కూడా కాదండి, 2025 ఆగస్టులో ఈజిప్ట్ దారుల్ ఇఫ్తా (ఫత్వా, అంటే దీన్ తీర్పు, ఇచ్చే సంస్థ) వాళ్ళు కైరోలో పెట్టిన అంతర్జాతీయ సదస్సు విషయమే ఏఐ కాలంలో ముఫ్తీ ఎలా తయారవ్వాలి అన్నది.

ఆ కూర్చున్నప్పుడే రెండు జాబితాలు రాసేసుకోండి. చెయ్యొచ్చు అనేవి: ఉర్దూ పాఠాన్ని తేలిక తెలుగులోకి మార్చడం, ఒక పాఠాన్ని వయసుని బట్టి మూడు రకాలుగా రాయడం, ప్రశ్నలు, ఖాళీలు పూరించండి, టైమ్ టేబుల్, తల్లిదండ్రులకి పంపే మెసేజ్, హిఫ్జ్ (ఖురాన్ కంఠతా పట్టే) పిల్లల సబక్ (కొత్త పాఠం), ఆమూఖ్తా (పాత పాఠం) రాసుకునే పట్టిక. చెయ్యకూడదు అనేవి: ఫత్వా అడగడం, ఖురాన్ వాక్యాలు దానితో రాయించడం, హదీసులు దాని జ్ఞాపకం నుంచి తీసుకోవడం, తఫ్సీర్ (ఖురాన్ వివరణ) సొంతంగా చెప్పించడం, తలాక్, వారసత్వం, ఇంటి గొడవలు, ఏ జమాత్ వాళ్ళు కరెక్టు అనే వాదనలు. ఈ రెండో జాబితాని కమిటీ మారినా, ఉస్తాద్ మారినా ఉండేలా గోడకి అంటించండి.

రెండో పని, మూలం ముందు, యంత్రం తర్వాత

చాలామంది చేసే వరస తిరగబడి ఉంటది. ముందు ఏఐని అడిగేస్తారు, తర్వాత ఇది నిజమేనా అని వెతుకుతారు, అప్పటికి ఆ మాట మనసులో కూర్చుండిపోద్ది, వెతకడం కూడా అది నిజం కావాలనే ఆశతో వెతుకుతారు. అలా కాదండి. ముందు పుస్తకం తెరవండి. మీ మక్తబ్‌లో నడిచే దీనియాత్ పుస్తకం, ముస్‌హఫ్ (అచ్చు ఖురాన్), మీ హజ్రత్ గారు ఒప్పుకున్న ఒక తెలుగు ఖురాన్ అనువాదం, మీరు పాటించే మస్లక్ (పద్ధతి) ఫిఖ్ (దీన్ నియమాల) పుస్తకం ఒకటి, ఇవి బల్ల మీద ఉండాలి. పాఠం అందులోంచి తీసి, ఆ పేజీని యంత్రానికి ఇచ్చి, దీన్ని తేలిక చెయ్యి అనాలి. నోట్‌బుక్ ఎల్ఎం లాంటివి అయితే మీరు ఎక్కించిన పుస్తకాల్లోంచే జవాబు తీసి, ఎక్కడ నుంచి తీసిందో చూపిస్తాయి, మక్తబ్ పనికి అది మామూలు చాట్ కన్నా మంచిది, అయినా చూపించిన పేజీ తెరిచి చూడాల్సిందే. దొంగ కాపీ పీడీఎఫ్‌లు ఎక్కించకండి, అమానత్ గురించి పాఠం చెప్తూ ఆ పని చెయ్యడం బాగోదు.

ఉర్దూ పేజీ ఫోటో తీసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. మన ఉర్దూ పుస్తకాలు నస్తాలీఖ్ రాతలో ఉంటాయి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి, చుక్కలు పక్క అక్షరం మీదకి జరిగినట్టు ఉంటాయి, యంత్రం దాన్ని తప్పు చదవడం మామూలే. ఒక చుక్క తేడా వస్తే మాటే మారిపోద్ది. అందుకని ముందు తెలుగులోకి మార్చమనకండి, ముందు ఫోటోలో ఉన్న ఉర్దూని ఉన్నది ఉన్నట్టు టైప్ చెయ్యమనండి, దాన్ని ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళు పుస్తకంతో పోల్చి చూడాలి, అది సరిపోయాకే తెలుగు. ఆ తెలుగుని మళ్ళీ హజ్రత్ గారికి చదివి వినిపించాలి, ఆయనకి తెలుగు చదవడం రాకపోయినా వింటే అర్థమవుద్ది, ఇక్కడ నాలుగేళ్ళు ఉన్న ఏ హజ్రత్ గారికైనా మన తెలుగు బాగానే వచ్చేస్తది.

మూడో పని, అడిగే తీరు

దానికి హద్దు మీరే గియ్యాలి, లేకపోతే సాయం చేస్తున్నాననుకుని పేజీలో లేనివి కూడా కలిపేస్తది. నేను వజూ (నమాజ్ ముందు కడుక్కోవడం) పాఠం ఉదాహరణగా తీసుకుంటా. పేజీ ఇచ్చాక ఇలా రాయండి:

"పైన ఇచ్చిన పేజీలో ఉన్నది మాత్రమే వాడు. పేజీలో లేని విషయం అవసరమైతే 'పేజీలో లేదు' అని రాయి, నువ్వు కలపకు. ఖురాన్ వాక్యం గానీ హదీసు గానీ కొత్తగా చేర్చకు. ఎనిమిదేళ్ళ పిల్లలకి అర్థమయ్యేలా, మనం మాట్లాడుకునే తెలుగులో, చిన్న చిన్న వాక్యాల్లో రాయి. ఫర్జ్, సున్నత్, వజూ, మసహ్ అనే మాటలు అలాగే ఉంచు, వాటిని సంస్కృతం తెలుగులోకి మార్చకు. చివర్లో ఈ పేజీ మీదే ఐదు ప్రశ్నలు ఇవ్వు."

మాటలు అలాగే ఉంచమనడం ఎందుకంటే, అది వదిలేస్తే పిల్లలు ఇంట్లో ఎప్పుడూ వినని పుస్తకం మాటలు వాడుద్ది, వాళ్ళ నాన్నమ్మ వజూ అంటే పిల్లాడు ఇంకేదో అంటాడు.

వచ్చిన కాగితం చదివేటప్పుడు ఏం చూడాలో కూడా వజూతోనే చెప్తా. సూరా మాయిదా 6వ ఆయత్‌లో (వాక్యంలో) వజూ ఉంది, దాని ప్రకారం హనఫీ ఫిఖ్‌లో ఫర్జ్‌లు (తప్పనిసరి పనులు) 4: ముఖం కడగడం, మోచేతులతో సహా చేతులు కడగడం, తలలో నాలుగో వంతు మసహ్ (తడి చేత్తో తుడవడం), చీలమండలతో సహా కాళ్ళు కడగడం. షాఫయీల (ఇంకో ఫిఖ్ పాటించేవాళ్ళ) దగ్గర నియ్యత్ (సంకల్పం), వరస తప్పకపోవడం కూడా ఫర్జే, అలా 6 అవుతాయి. పేజీ ఇవ్వకుండా ఊరికే అడిగితే ఏఐ ఒక్కోసారి 4 అంటది, ఒక్కోసారి 6 అంటది, రెండూ కలిపేసి ఎవరి ఫిఖ్‌లోనూ లేని జాబితా కూడా రాయగలదు. అందులో ఒక్కో మాటా విడిగా చూస్తే తప్పు కాదు, ఎక్కడో ఒక ఇమామ్ చెప్పిందే, కానీ మీ మక్తబ్ పిల్లాడికి అది గందరగోళం. తప్పుని పట్టుకోవడం తేలికే, ఇలా సగం సగం ఒప్పుల్ని పట్టుకోవడమే కష్టం, అందుకే పాఠం పుట్టిల్లు పుస్తకం అవ్వాలి అంటున్నా.

నాలుగో పని, హదీసు తనిఖీ

ఇక్కడ ఎంత టైమ్ పట్టినా పెట్టండి. నా పేరు మీద కావాలని అబద్ధం చెప్పినవాడు నరకంలో తన చోటు చూసుకోవాలి అని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం హెచ్చరించారు, బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. నేను కావాలని చెప్పలేదు, ఫోన్ చెప్పింది అని మనం అనుకోవచ్చు, కానీ తనిఖీ చేసే దారి చేతిలో ఉండి కూడా చెయ్యకపోతే ఆ మాట ఎంతవరకు నిలబడుద్ది చెప్పండి. ఎవరైనా ఫాసిఖ్ (నమ్మదగనివాడు) కబురు తెస్తే విచారించుకోండి అని సూరా హుజురాత్ 6వ ఆయత్ మనుషుల గురించే చెప్పింది, మరి ఎవరో కూడా తెలియని దాని కబురు ఇంకెంత విచారించాలి.

ఎలా చూడాలంటే, హదీసు ఏ కితాబులో ఉందో, ఏ బాబ్‌లో ఉందో, నంబరు ఏంటో రాసుకోండి. సున్నహ్ డాట్ కామ్ (sunnah.com) తెరిచి అరబీ, ఇంగ్లీషు రెండూ చూడండి, అరబీ వచ్చినవాళ్ళుంటే దొరర్ (dorar.net) సైట్‌లో ఆ మాటలు కొట్టి ముహద్దిసులు (హదీసు పండితులు) ఏమన్నారో చూడండి. నంబర్లు ఒక్కో ముద్రణలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి నంబరు కలవలేదని వెంటనే కొట్టెయ్యకండి, కలిసిందని వెంటనే నమ్మకండి, ఎందుకంటే కితాబు నిజం, నంబరు నిజం, లోపల ఉన్న విషయం మాత్రం వేరే, ఏఐ ఇచ్చే వాటిల్లో ఎక్కువ మోసపోయేది ఇక్కడే. తర్వాత దర్జా (ఎంత గట్టిది అన్నది) చూడండి, సహీహ్ (గట్టిది), హసన్ (మంచిది), జయీఫ్ (బలహీనం), మౌజూ (కల్పితం). అర్థం కాకపోతే హజ్రత్ గారిని అడగండి.

చైనా వెళ్ళైనా ఇల్మ్ నేర్చుకోండి అనే మాట మన జల్సాల్లో, స్కూల్ గోడల మీద, స్టేటస్‌లలో ఎంత తిరుగుద్దో మీకు తెలుసు. ముహద్దిసుల దగ్గర అది జయీఫ్, చాలామంది కల్పితం అనే అన్నారు. జనం ఎక్కువసార్లు రాశారు కాబట్టి ఏఐ దాన్ని చాలా తేలిగ్గా అందిస్తది. దాని బదులు ఇల్మ్ కోసం ఒక దారిలో నడిచినవాడికి అల్లాహ్ జన్నత్ దారి సులువు చేస్తాడు అనే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది, అది చెప్పండి, విషయం అదే, పునాది గట్టిది.

ఇంకోటి, మనం కాలవల పక్కన ఉండేవాళ్ళం, కాబట్టి వజూ పాఠంలో నీళ్ళు వృథా చెయ్యొద్దు అని చెప్పాలనిపిస్తది, పారే నది పక్కన వజూ చేసినా దుబారా చెయ్యొద్దు అనే రివాయత్ (కథనం) ఇబ్నె మాజా హదీసు పుస్తకంలో ఉంది, గోదావరి పిల్లలకి అంతకన్నా సరిగ్గా అతికే మాట ఉండదు. కానీ దాని సనద్‌లో బలహీనత ఉందని ముహద్దిసులు అన్నారు. ఏఐ ఆ సంగతి చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. అప్పుడు ఏం చెయ్యాలి? దాన్ని చెప్పాలా వద్దా, చెప్తే ఎలా చెప్పాలి అన్నది హజ్రత్ గారికి వదిలెయ్యండి, పాఠం ఆగాల్సిన పని లేదు, ప్రవక్త (స) ఒక ముద్ నీళ్ళతో, అంటే చిన్న చెంబుడు నీళ్ళతో వజూ చేసేవారని బుఖారీ, ముస్లింలలో అనస్ రజియల్లాహు అన్హు గారి రివాయత్ ఉంది. చెంబు తెచ్చి పిల్లల ముందు వజూ చేసి చూపించండి, ఏ వీడియో కూడా అంత బాగా నేర్పదు.

ఐదో పని, ఖురాన్ దగ్గర

ఆయత్‌లు చాట్‌లోంచి కాపీ చెయ్యొద్దు, అస్సలు. జబర్ జేర్ (అచ్చుల గుర్తులు) ఒకటి పోయినా, ఒక మాట తారుమారైనా కళ్ళకి కనపడదు, పిల్లాడు దాన్నే హిఫ్జ్ చేసేస్తాడు. ముస్‌హఫ్‌లోంచే చూపించాలి, ఫోన్ తప్పదంటే ఖురాన్ డాట్ కామ్ లాంటి సరిచూసిన చోటు నుంచి, అందులో సెట్టింగ్స్‌కి వెళ్ళి ఇండోపాక్ రాత పెట్టుకోండి, ఎందుకంటే మామూలుగా వచ్చేది మదీనా ముస్‌హఫ్ రాత, మన పిల్లలు ఖాయిదాలో నేర్చుకున్న గుర్తులకి దానికి తేడా ఉండి తడబడతారు. తెలుగు లిపిలో ఆయత్‌లు రాయమని కూడా దాన్ని అడగొద్దు, ఖాఫ్‌కీ కాఫ్‌కీ, సాద్‌కీ సీన్‌కీ, పెద్ద హాకీ చిన్న హాకీ మన లిపిలో తేడా చూపించే దారి లేదు, అది అలవాటైన పిల్లాడి నాలుక తర్వాత తిప్పడం ఉస్తాద్‌కి ఎంత కష్టమో చేసేవాళ్ళకే తెలుసు.

యంత్రం గొంతుతో తిలావత్ (ఖురాన్ పఠనం) చేయించకండి. షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గారి రికార్డింగ్ ఉంది కదా, 1961లో మొత్తం ఖురాన్‌ని మొదటిసారి రికార్డు చేసింది ఆయనే, నిదానంగా, ఒక్కో అక్షరం విడిగా వినపడేలా చదువుతారు, పిల్లలకి అది వినిపించండి. తర్తీల్ లాంటి యాప్‌లు మనం చదువుతుంటే విని ఎక్కడున్నామో పట్టుకుంటాయి, మాట వదిలేస్తే చూపిస్తాయి, హిఫ్జ్ పిల్లలు ఇంట్లో ఆమూఖ్తా తిరగేసుకోవడానికి పనికొస్తాయి, అమ్మకి అరబీ రాకపోయినా పిల్లాడు ఎక్కడ తప్పాడో తెలుసుద్ది. కానీ మఖ్రజ్ (అక్షరం పలికే చోటు) సరిగ్గా ఉందా, గున్నా (ముక్కుతో పలకడం) ఎంతసేపు ఆగాలి, మద్ (దీర్ఘం) ఎంత లాగాలి అన్నదానికి ఉస్తాద్ చెవి, ఉస్తాద్ పెదవులు కావాలి. ప్రవక్త (స) అంతటివారు ప్రతి రంజాన్‌లో జిబ్రీల్ అలైహిస్సలాంతో కలిసి ఖురాన్ తిరగేసుకునేవారు, చివరి ఏడాది రెండుసార్లు చేశారు. ఖురాన్ మనిషి ముందు కూర్చుని నేర్చుకునేది. యాప్‌లో మార్కులు వచ్చాయని సబక్ దాటించకండి.

రోజూ పంచే కాగితాల మీద అరబీ ఆయత్‌లు ప్రింట్ కూడా వెయ్యకండి. ఇప్పుడు ప్రింట్ తేలిక కదా అని వారానికో కట్ట తీస్తాం, అవి సైకిల్ బుట్టల్లో, బడి సంచి అడుగున, బజ్జీల పొట్లంగా కూడా తేలతాయి. సూరా పేరు, ఆయత్ నంబరు మాత్రం వేసి ముస్‌హఫ్ తెరిచి చూడమనండి, అదబూ (మర్యాదా) అలవాటవుద్ది, వెతకడమూ వస్తది.

ఆరో పని, మసలాలు (దీన్ నియమాల ప్రశ్నలు) వచ్చినప్పుడు

పెద్ద పిల్లలు, ఆదివారం తాలీమ్‌కి వచ్చే మగవాళ్ళు మన బతుకులోంచి ప్రశ్నలు వేస్తారు, అవే ఏఐకి గట్టి పరీక్ష. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఎవరిని కదిపినా రొయ్యల చెరువే. రొయ్యలు తినొచ్చా అని ఏఐని అడిగితే సముద్రంలోది అంతా హలాల్ అని ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు, అది హనఫీ కాని మిగతా మూడు మజ్‌హబ్‌ల (ఫిఖ్ పద్ధతుల) మాట. హనఫీ ఫిఖ్‌లో నీళ్ళలో ఉండేవాటిల్లో చేప మాత్రమే హలాల్, మరి రొయ్య చేప కిందకి వస్తదా రాదా అన్న దాని మీద ఉలమాలు (దీన్ పండితులు) రెండు రకాలుగా చెప్పారు, తినొచ్చన్నవాళ్ళు ఉన్నారు, వద్దన్నవాళ్ళు ఉన్నారు. మీ మక్తబ్‌లో రొయ్యల చెరువు మీద బతికే ఇంటి పిల్లాడు ఉంటాడు, యంత్రం ఇచ్చిన ఒక ముక్క జవాబు అటు చెప్పినా ఇటు చెప్పినా ఆ పిల్లాడి ఇంటి మీద పడుద్ది.

వరి సంగతి ఇంకా లోతు. వాన నీటితో, ఊటతో పండితే పదో వంతు, కష్టపడి తోడి పారిస్తే ఇరవయ్యో వంతు ఉష్ర్ (పంట మీద ఇచ్చే జకాత్) అని హదీసులో ఉంది. మరి మనది ధవళేశ్వరం నుంచి కాలవలో వచ్చే నీరు, తోడక్కర్లేదు, కానీ నీటి తీరువా కడతాం, కొందరు ఇంజను పెడతారు, అప్పుడు ఏది? పైగా పొలం ఒకరిది, కౌలుకి చేసేది ఒకరు, ఉష్ర్ ఎవరివ్వాలి? ఇమామ్ అబూ హనీఫా గారు యజమాని అన్నారు, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ గార్లు కౌలుదారు అన్నారు. ఇంత పండితేనే అనే నిసాబ్ ఉందా లేదా అన్నదాని మీద కూడా వాళ్ళ మధ్య తేడా ఉంది. అసలు మన దేశంలో భూములు ఉష్రీ భూములేనా అన్నదే ఉలమాల మధ్య చర్చ. ఇన్ని మలుపులున్న ప్రశ్నకి ఏఐ మూడు లైన్లలో 5 శాతం అని రాసిచ్చేస్తే కౌలు రైతు దాన్ని నమ్మి లెక్క వేసుకుంటాడు. మీరు చెయ్యాల్సింది, ఏఐని జవాబు అడగకుండా ప్రశ్న తయారు చెయ్యమనడం. ఇలా అడగండి: "ఈ విషయం ముఫ్తీ గారిని అడగబోతున్నాను, జవాబు చెప్పకు, ఆయనకి ఏ ఏ వివరాలు ఇవ్వాలో చెప్పు." అప్పుడది పొలం ఎవరిది, నీరు ఎలా వస్తది, ఖర్చు ఎవరిది, పంట ఎంత అని జాబితా ఇస్తది, అది పట్టుకుని హజ్రత్ గారి ద్వారా దారుల్ ఇఫ్తాకి రాయండి. యంత్రం వాడకంలో నాకు బాగా నచ్చినది ఇదేనండి, ప్రశ్న సరిగ్గా రాయకపోతే ఫత్వా కూడా తేడా రావచ్చు.

నమాజ్ టైములు కూడా ఇలాంటివే, అసర్ (సాయంత్రం నమాజ్) హనఫీ లెక్కలో నీడ వస్తువుకి రెండింతలయ్యాక, మిగతావాళ్ళ లెక్కలో వస్తువంత అయ్యాక, కాబట్టి ఫోన్ టైము కన్నా మసీదు బోర్డు చూడండి.

ఏడో పని, పిల్లల మర్యాద

పిల్లల పేర్లు, ఫోటోలు, గొంతు రికార్డింగులు, ఏ ఇంట్లో ఏ ఇబ్బంది ఉంది అన్న సంగతులు ఏఐలో పెట్టొద్దు. ఫలానా అబ్బాయి సరిగ్గా చదవట్లేదు, వాళ్ళ నాన్న గల్ఫ్‌లో ఉన్నాడు, ఏం చెయ్యాలి అని పేరుతో సహా టైప్ చేస్తే అది గీబత్‌కి (చాటున ఒకరి గురించి చెడు మాట్లాడడానికి) దగ్గరగానే ఉంటది, ఒకరి ఇంటి గుట్టు మనకి తెలియని చోటికి పంపించినట్టు. పేరు తీసేసి, "పదేళ్ళ పిల్లాడు, మద్ దగ్గర తడబడుతున్నాడు" అంటే చాలు. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టంలో కూడా 18 ఏళ్ళ లోపు వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలనే ఉంది. తిలావత్ యాప్ పెట్టే ముందు, ముఖ్యంగా ఆడపిల్లలకి, అమ్మానాన్నని అడగండి, ఆ యాప్ గొంతు దాచుకుంటదా లేదా సెట్టింగ్స్‌లో చూడండి.

బొమ్మల విషయం చిన్నదే కానీ గట్టిగా చెప్తున్నా, ప్రవక్తల బొమ్మలు, సహాబాల బొమ్మలు తయారు చేయించకండి, కథ బాగుంటదని కూడా వద్దు. హిజ్రత్ (ప్రవక్త మక్కా నుంచి మదీనా వెళ్ళడం) పాఠానికి మ్యాప్ చాలు, మక్కా, మదీనా, మధ్య దారి, అది కూడా అచ్చు పుస్తకంలోది, ఎందుకంటే ఏఐ గీసే మ్యాపుల్లో ఊళ్ళు ఎక్కడెక్కడో ఉంటాయి. వజూ బొమ్మలు కావాలంటే ఉస్తాద్ చేతులే ఫోటో తియ్యండి.

ఎనిమిదో పని, పెద్ద పిల్లలకి తప్పు పట్టడం నేర్పించడం

చిన్న పిల్లలకి చాట్ చేతికి ఇవ్వకండి, చాట్‌జీపీటీ వాళ్ళ నిబంధనల్లోనే 13 ఏళ్ళు దాటాలి, 18 లోపు అయితే పెద్దవాళ్ళ అనుమతి ఉండాలి. తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలు మనం ఇచ్చినా ఇవ్వకపోయినా వాడుతున్నారు, వాళ్ళకి నెలకోసారి ఒక క్లాసు పెట్టండి. ఏఐ రాసిన ఒక పేజీ ఇచ్చి, ఇందులో ప్రతి మాటకీ మూలం వెతకండి, దొరకనిదాని కింద ఎర్ర గీత గియ్యండి అనండి. హదీసు పుస్తకాలు ఎలా తెరవాలో, సనద్ అంటే ఏంటో, మన పెద్దలు ఒక్క రివాయత్ కోసం ఊళ్ళు ఊళ్ళు ఎందుకు తిరిగారో ఆ గంటలో తెలిసినంతగా ఉపన్యాసం పెడితే తెలియదు. ఇంకో పరీక్ష కూడా చేయించండి, అది సరైన జవాబు ఇచ్చాక "కాదు, నువ్వు చెప్పింది తప్పు" అని గట్టిగా రాయమనండి, చాలాసార్లు క్షమాపణ చెప్పి మాట మార్చేస్తది. తెలియనిది తెలియదు అని తొలి కాలం పెద్ద పండితుడు ఇమామ్ మాలిక్ గారు ఎంతమంది ముందైనా చెప్పేవారు, తెలిసిన దాని మీద ఎవరు బెదిరించినా నిలబడ్డారు, ఆ సంగతి అప్పుడు చెప్పండి, పిల్లలకి తేడా కళ్ళ ముందే ఉంటది.

చివరగా, రిజిస్టరు

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. తారీఖు, పాఠం పేరు, ఏ పుస్తకం ఏ పేజీ, ఏఐతో ఏం చేయించాం, ఎవరు చూశారు, ఈ ఐదు గడులు. పంచే ప్రతి కాగితం కింద "కంప్యూటర్ సాయంతో రాసినది, హజ్రత్ గారు చూశారు" అని ఒక లైను వెయ్యండి, ఆయన చూడకపోతే ఆ లైను వెయ్యకండి, ఆ కాగితం పంచకండి. తర్వాత ఎప్పుడైనా తప్పు బయటపడితే రిజిస్టరు చూసి ఏ క్లాసుకి వెళ్ళిందో తెలుసుకుని, వాట్సాప్ గ్రూపులో తప్పు ఇది, ఒప్పు ఇది అని స్పష్టంగా పెట్టండి, మరుసటి రోజు క్లాసులో నోటితో కూడా చెప్పి పాత కాగితాలు వెనక్కి తీసుకోండి. ముందు ఒక్క వజూ పాఠంతో మొదలెట్టండి, ఇవన్నీ కలిపి ఎంత టైమ్ పడుతుందో చూసుకుని, మీ హజ్రత్ గారికి చూసే ఓపిక ఎన్ని కాగితాలకి ఉందో అన్ని కాగితాలే తయారు చెయ్యండి.